పిలవకుండా లేపే ఇల్లు

మా అమ్మమ్మ ఇంట్లో నిద్రపోయే మనిషిని పిలిచి లేపరు. అది ఆ ఇంటి చట్టం. పక్కన కూర్చోవాలి, కాలి మీద చెయ్యి వెయ్యాలి, ఊరుకోవాలి. చేతి వెచ్చదనం తెలిసి ఆ మనిషి తనంతట తాను కళ్లు తెరిచేదాకా ఆగాలి. రెండు నిమిషాలు పట్టొచ్చు, పది నిమిషాలు పట్టొచ్చు. మిరపకోతకు వెళ్లే రోజైనా, చర్చికి ఆలస్యమయ్యే ఆదివారమైనా, పరీక్ష రోజైనా ఇదే పద్ధతి. పిల్లల్లో ఎవరైనా "లేవ్వే!" అని కేక వేశామంటే, పెరట్లో ఎక్కడున్నా అమ్మమ్మ వచ్చి నోరు మూసేది. మూయడమంటే చేత్తో మూయడమే. అది పిడకలు చేస్తున్న చెయ్యి అని కూడా చూసుకునేది కాదు.

అమ్మమ్మ ఊరు పెనుగంచిప్రోలు దగ్గర, మునేటి పక్కన. కూలికి వెళ్లి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. పెద్దామె నేను పుట్టకముందే పదిహేడేళ్లకు జ్వరమొచ్చి పోయిందని చెప్పేవాళ్లు. రెండో ఆమె మా అమ్మ. అమ్మకు నేనొక్కదాన్నే. నాన్న పోయాక అమ్మ మళ్లీ ఆ ఇంటికే వెళ్లి అమ్మమ్మతో ఉంటోంది. నేను జగ్గయ్యపేటలో ఉంటాను. దగ్గర్లోని హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. అమ్మకున్నట్టే మాకూ ఒక్కతే కూతురు.

నాది పుట్టుకతోనే పెద్ద గొంతు. ప్రార్థన సమయంలో మైకు పాడైతే హెడ్మాస్టరు గారు కంగారు పడరు, నన్ను పిలిపిస్తారు. కోపం కూడా గొంతుకు తగినదే. ఇలాంటిదాన్ని అమ్మమ్మ ఇంట్లో వేసవి సెలవులు ఎలా గడిపానో నాకే ఆశ్చర్యం. పెళ్లయి నా ఇల్లు నాకు వచ్చాక నేను చేసిన మొదటి పని, మంచం పక్కన అలారం గడియారం పెట్టుకోవడం. కాళ్లు పట్టుకుని కూర్చునే తీరిక ఎవరికుంది? అమ్మమ్మది వట్టి చాదస్తమని మా ఆయనతో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

మా అమ్మాయి పదో తరగతి అయ్యాక నందిగామలో హాస్టలున్న కాలేజీలో చేర్పించాం. చేర్పించాం అనడం మర్యాద కోసం. చేర్పించింది నేను. వాళ్ల నాన్న ఇంట్లో ఉండి చదువుకోనివ్వమన్నారు, అమ్మాయి ఏమీ అనలేదు, నేను ఇద్దరి తరఫునా మాట్లాడేశాను. చేరే ముందు ప్రార్థన చేయించుకుందామని దాన్ని అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అమ్మమ్మ దాని తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాక నా వైపు తిరిగింది.

"అక్కడ దీన్ని ఎట్టా లేపుతారే?"

"గంట కొడతారు అమ్మమ్మా. అయిదింటికి అందరూ లేవాల్సిందే."

"ఆ వార్డెనమ్మకి ఒక మాట చెప్పు. కాలు పట్టుకుంటే లేస్తది మా పిల్ల, గంట వద్దని చెప్పు."

"మూడొందల మంది పిల్లల కాళ్లు ఎవరు పట్టుకుంటారే?" అని నవ్వాను. మా అమ్మాయి కూడా నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు. మేము ఆటో ఎక్కేటప్పుడు మళ్లీ వచ్చి, "చెప్తావు కదా?" అంది. చెప్తానన్నాను. చెప్పలేదు. చెప్పకపోగా, కొత్త పెట్టెలో బట్టల మధ్య నా చేత్తో ఒక అలారం గడియారం కూడా పెట్టి పంపాను.

హాస్టల్లో గంటంటే రైలుపట్టా ముక్క. వరండాలో వేలాడదీసి ఇనప కడ్డీతో కొడతారు. మా అమ్మాయి మంచం వరండా వైపు కిటికీ పక్కనే. చేరిన ఆరో వారంలో ఒకరోజు గంట కొట్టగానే ఉలిక్కిపడి లేచింది, రెండడుగులు వేసింది, పడిపోయింది. చేతులు రెండుసార్లు కొట్టుకున్నాయట. మా వైపు కిందపడి కొట్టుకునే మనిషికి ఎవరికైనా ముందు గుప్పిట్లో ఇనుము పెట్టాలి. పిల్లలు పరుగున వెళ్లి వార్డెన్ గారి తాళాల గుత్తి తెచ్చి దాని చేతిలో పెట్టి బిగించి పట్టుకున్నారు. నిమిషంలోపే కళ్లు తెరిచింది. పేరు తాళాలకు వచ్చింది.

ఫిట్సు అన్నారు. తలకు స్కానింగ్ చేస్తే ఏమీ లేదు. అయినా మందులు రాసిచ్చారు, రోజూ రెండు పూటలా వేసుకోమన్నారు. అవి వేసుకుంటే పిల్ల మందకొడిగా అయిపోయేది. ఎప్పుడు చూసినా నిద్రే. మా అమ్మ బుధవారం ప్రార్థనలో దీని కోసం చెప్పించింది. అమ్మమ్మ మాత్రం ఫోన్లో ఒక్కటే అడిగింది, "ఎట్టా లేపారే?" అని. "అబ్బా, ఇప్పుడది ఎందుకే?" అని విసుక్కున్నాను.

దసరా సెలవులకు ఇంటికొచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. మూడింటికి ఆన్‌లైన్ క్లాసు ఉంది. మూడు దాటింది, లేవలేదు. నేను వంటింట్లోంచి రెండుసార్లు పిలిచాను. మూడోసారి మంచం దగ్గరికి వెళ్లి, చెవి పక్కన రెండు చేతులూ చరిచి, "క్లాసు పోతోంది, లేవవే!" అని అరిచాను. మామూలు అరుపు కాదు, స్కూలు గ్రౌండులో అరిచే అరుపు.

లేచి కూర్చుంది. నా మొహంలోకి చూసింది. ఏదో అడగబోతున్నట్టు నోరు తెరిచింది, అలాగే పక్కకు ఒరిగిపోయింది.

ఆ తర్వాత నేను చేసిన పని ఎవరికీ చెప్పుకోలేనిది. ఇరవై ఏళ్లకు దగ్గరగా పిల్లలకు గుండె బొమ్మ గీయించినదాన్ని, మణికట్టు దగ్గర నాడి ఎలా చూడాలో ఏటా ప్రాక్టికల్ చేయించేదాన్ని, నాడి చూడలేదు. గోడకున్న మేకు దగ్గరికి పరిగెత్తి స్కూటీ తాళాలు తెచ్చి నా కూతురి గుప్పిట్లో పెట్టాను. పెట్టి, "ప్రభువా, ప్రభువా" అంటూ ఆ గుప్పిట మూసి పట్టుకున్నాను. ఉదయం షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేస్తున్న మా ఆయన తువ్వాలుతోనే వచ్చారు. అప్పటికి పిల్ల కళ్లు తెరిచింది. "అమ్మా, ఎందుకేడుస్తున్నావు?" అని అడిగింది.

జగ్గయ్యపేటలోనే ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు పాతికేళ్లు దాటి ఉండవు. పాత చీటీలన్నీ చూసి పక్కన పెట్టింది. "పడేముందు ఏమైనా చప్పుడైందా అండి?" అని అడిగింది. మొదటిసారి పడ్డప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా అమ్మమ్మ తప్ప.

మా ఆయన నా వైపు చూశారు. మా అమ్మాయే చెప్పింది, "అమ్మ పిలిచిందండి" అని. అరిచిందని అనలేదు.

ఈసీజీ తీశారు. ఆ డాక్టరమ్మ కాగితం మీద స్కేలు పెట్టి గళ్లు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "మేడం, ఇది ఫిట్సు కాదేమోనండి. మెదడుది కాదు. గుండెలో కరెంటు ఉంటుంది కదా, అందులో తేడా. మీరు ఆలస్యం చెయ్యకుండా విజయవాడ వెళ్లండి. ఈలోపు పాపను ఎవరూ ఉలిక్కిపడేలా చెయ్యొద్దు" అంది. దారిలో నేను ఒక్క మాట మాట్లాడలేదు. నాకది కొత్త.

విజయవాడలో గుండె డాక్టరు గారు ఓపికున్న మనిషి. నేను జీవశాస్త్రం టీచర్నని తెలిసి ఇంకా వివరంగా చెప్పారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని కణాల్లోంచి పొటాషియం బయటికి పోవాలి. అది పోయాకే కణం తర్వాతి దెబ్బకు సిద్ధమవుతుంది. పోవడానికి కణం గోడల్లో చిన్న చిన్న ద్వారాలుంటాయి. ఆ ద్వారాలను ఎలా కట్టాలో ఒక జన్యువులో రాసి ఉంటుంది. ఆ రాతలో ఒక్క అక్షరం తేడా ఉంటే చాలు, ద్వారాలు సరిగా తయారు కావు, పొటాషియం ఆలస్యంగా పోతుంది. నాకు నందిగామ బస్టాండు గుర్తొచ్చింది. విజయవాడ బస్సు ఆగగానే దిగేవాళ్లు ఇంకా మెట్ల మీద ఉండగానే ఎక్కేవాళ్లు తోసుకొస్తారు. డోరు దగ్గర ఎవరూ కదలలేరు, బస్సూ కదలదు. డాక్టరు గారితో ఆ మాటే అంటే, సరిగ్గా అంతేనన్నారు. మామూలుగా ఉన్నప్పుడు ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు. నిద్రలో మెల్లగా కొట్టుకుంటున్న గుండెను ఒక పెద్ద చప్పుడు ఉలిక్కిపడేలా చేస్తే, పాత దెబ్బ సర్దుకోకముందే కొత్త దెబ్బ వచ్చి పడుతుంది. లయ చెదిరిపోతుంది. చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోని రోజున మనిషి ఉండడు.

"సర్దుకోని రోజు" అని ఆయన అన్నప్పుడు పక్కన కూర్చున్న మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని నన్నే ఓదారుస్తున్నట్టు వేళ్లు నొక్కింది. నాకు ఏడుపు ఆగలేదు.

మాత్రలు రాసి, ఈ తేడా ఇంట్లో ఇంకెవరిలో ఉందో చూడాలన్నారు. వారం తర్వాత అమ్మను కూడా తీసుకుని వెళ్లాం. డాక్టరు గారు తెల్లకాగితం మీద మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు. ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చదరపు గళ్లు. మా అమ్మాయి సున్నా, దాని పైన నాది, నా పైన అమ్మది, ఆపైన అమ్మమ్మది.

"ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అండి?"

"మా పెద్దమ్మ ఉందండి. కానీ ఆవిడ జ్వరమొచ్చి పోయింది" అన్నాను.

అమ్మ ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. ఆ సంచి చెవులు రెండూ పట్టుకుని, తల ఎత్తకుండా, "జ్వరం కాదండి" అంది.

నేను తిరిగి చూశాను. అమ్మ నాతో కాదు, డాక్టరు గారితో చెప్పింది. నాతో అయితే చెప్పగలిగేది కాదేమో.

"మిరపకోతల రోజులండి. మేస్త్రీ ట్రాక్టరు వచ్చి బయట నిలబడింది. మా అమ్మ పిలిచింది, అక్క లేవలా. ముందురోజంతా కోసి కోసి అలిసిపోయింది. ట్రాక్టరు పోతే ఆ రోజు పని పోయినట్టే కదండి. మా అమ్మ సత్తు కంచం, గరిటె తీసుకొచ్చి అక్క చెవి దగ్గర టంగుటంగుమని కొట్టింది. అక్క లేచి కూర్చుంది. అమ్మ వంక చూసింది. పడిపోయింది. ఇంక లేవలా. అదే మంచంలో ఇటుపక్క నేనున్నా. నాకప్పుడు పన్నెండేళ్లు."

అమ్మ మళ్లీ అంది. "ఆ కంచం తీసుకెళ్లి మునేట్లో పారేసొచ్చింది మా అమ్మ. జ్వరమని అందరికీ ఆమే చెప్పింది. నన్ను చెప్పొద్దని కూడా అనలేదండి. నేనే చెప్పలా."

లేచి కూర్చుంది, వంక చూసింది, పడిపోయింది. ఆ చూపు నాకు తెలుసు. ఆ చూపు చూసిన ఆడమనిషి ఇంకొకతె ఉందనీ, యాభై ఏళ్లుగా ఆమె దాన్ని మోస్తోందనీ, నేను ఆ మోతను చాదస్తమని నవ్వాననీ అర్థమై నాకు అక్కడే సిగ్గుతో తల వాలిపోయింది.

పోయినవాళ్లకు పరీక్ష చెయ్యలేం కాబట్టి ఖాయంగా చెప్పలేనని, అనుమానం మాత్రం అదేనని డాక్టరు గారు అన్నారు. అమ్మ పక్కన పెద్దమ్మకు ఒక సున్నా గీసి, పోయిన గుర్తుగా దాని మీద ఏటవాలుగా ఒక గీత గీశారు. తర్వాత మా అమ్మమ్మ ఇంటి చట్టం గురించి నేను చెప్తే పెన్ను కింద పెట్టేశారు. "ఆవిడకి ఎవరు చెప్పారండి?"

"ఎవరూ చెప్పలేదండి."

"ఇలాంటి పేషెంట్ల ఇంట్లో మేము ముందు చెప్పే జాగ్రత్త అదేనండి. అలారాలు వద్దు, నిద్రలో చప్పుడు చేసి లేపొద్దు అని. ఆవిడ అప్పట్నుంచే మొదలుపెట్టారన్నమాట" అన్నారు. అని, ఆవిడ రక్తం కూడా కావాలన్నారు.

అమ్మమ్మకు షుగర్ పరీక్ష అని చెప్పి రక్తం తీయించాం. రిపోర్టులు రావడానికి వారాలు పట్టింది. ఆ వారాలే మా అందరికీ కష్టమైనవి. మా అమ్మాయి నిద్రపోవడానికి భయపడేది. కళ్లు వాలుతుంటే లేచి కూర్చునేది. "అమ్మా, నిద్రపోతే లేస్తానా?" అని ఒక సాయంత్రం అడిగింది. పదహారేళ్ల పిల్ల అడగాల్సిన ప్రశ్నా అది? మాత్ర వేసుకుంటున్నావు కదా అన్నాను, ఇల్లంతా చప్పుడు లేకుండా చేశాం కదా అన్నాను. నిజంగానే చేశాం. కాలింగ్ బెల్ పీకేశాం. ఫోన్లన్నీ మూగవైపోయాయి. గుండెకు పడని మందుల జాబితా ఫ్రిజ్ మీద అంటించి, ఒక కాపీ మెడికల్ షాపులో, ఒకటి అమ్మమ్మ ఊళ్లో జ్వరాలకు మందులిచ్చే ఆయనకు ఇచ్చాం. ఆయన మామూలుగా ఇచ్చే ఒక బిళ్ల కూడా అందులో ఉండటం చూసి ఆయనకే చెమటలు పట్టాయి. హాస్టలు మాన్పించి మా ఊళ్లోనే కాలేజీకి మార్చాం. ఇక నా గొంతు సంగతి చెప్పాలంటే, ఇంట్లో సగానికి తగ్గింది. "అమ్మా, నువ్వు గుసగుసలాడుతుంటే ఇంకా భయమేస్తోంది, మామూలుగా తిట్టు" అంది మా అమ్మాయి. ఆ మాటకు ముగ్గురం నవ్వుకున్నాం. చాలా రోజుల తర్వాత నవ్వుకున్నాం.

రిపోర్టులు వచ్చాయి. నలుగురికీ ఉంది. అమ్మాయికి, నాకు, అమ్మకు, అమ్మమ్మకు. ఒకే జన్యువులో ఒకే చోట ఒకే అక్షరం తేడా. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే చాలు బయటపడే లక్షణమనీ, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగమనీ నేను బోర్డు మీద బఠానీ మొక్కలు గీసి ఏటా చెప్తూనే ఉన్నాను. బఠానీలు కదా, పిల్లలకు నవ్వుతూ చెప్పేదాన్ని.

"మరి మాకేమీ కాలేదేంటండి?" అని అమ్మ అడిగింది. ఒకే అక్షరమైనా అందరి గుండెల్లో ఒకేలా పనిచెయ్యదన్నారు డాక్టరు గారు. మిగతా జన్యువులు కొందరిని కాస్తాయి, కొందరిని కాయవు. వయసు, తిండి, వేసుకునే మందులు, తగిలే చప్పుళ్లు, వీటన్నిటి మీదా ఉంటుందట. మందులతో, జాగ్రత్తతో చాలామంది నిండు జీవితం గడుపుతారన్నారు. మా అమ్మాయి వెంటనే, "తాతమ్మకి ఎనభై రెండేళ్లు కదా?" అంది. తాతమ్మ అంటే మా అమ్మమ్మ. ఆ రోజు అమ్మాయి ఇంటికొచ్చి ఏడింటికల్లా పడుకుని తెల్లారేదాకా లేవలేదు. దాని కాళ్ల దగ్గర మా ఆయనా నేనూ వంతులు వేసుకుని కూర్చున్నాం, నా వంతు లేనప్పుడూ నేను కూర్చున్నాను.

ఇక మిగిలింది అమ్మమ్మకు చెప్పడం. అమ్మ ససేమిరా వద్దంది.

"ఏం చెప్తావే? నీ చప్పుడు వల్ల కాదు, నీ రక్తం వల్ల పోయిందని చెప్తావా? ఒకటి తీసేసి ఇంకోటి నెత్తిన పెడతావా ఈ వయసులో?"

"చెప్పకపోతే తనే చంపాననుకుంటానే పోతది కదమ్మా."

"యాభై ఏళ్లు అట్టాగే బతికింది. బతకనీ."

నేను ఆ సాయంత్రం అమ్మతో వాదించలేదు. అమ్మ చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ నాకు తెలిసిన చూపు ఆమెకు తెలియదు. కంచం కొట్టింది అమ్మ కాదు.

మర్నాడు మేం ముగ్గురం ఊరు వెళ్లేసరికి అమ్మమ్మ వసారాలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. నేనూ, అమ్మాయీ ఇటుపక్కా అటుపక్కా కూర్చుని ఆకు తుంచాం. అమ్మ గుమ్మంలో నిలబడింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నేను స్కూలు సంగతులు ఏవో చెప్తున్నాను.

"నాకు షుగర్ ఉందంటనా?" అంది అమ్మమ్మ.

"లేదు."

"లేదని నాకు తెలుసులే. షుగర్‌కి వేలు పొడుస్తారు, సీసాలు నింపుకుపోరు. ఏం చూశారే నా రక్తంలో?"

ఆమెకు అన్నీ తెలుసు, మేమే అమాయకులం. ఇక దాచడం నా వల్ల కాలేదు. గంట దగ్గర్నుంచి మొదలుపెట్టాను. గుండెలోని ద్వారాల గురించి, చప్పుడు గురించి, నందిగామ బస్సు గురించి చెప్పాను. ఈ తేడా పిల్లకు నా నుంచి వచ్చిందనీ, నాకు అమ్మ నుంచి వచ్చిందనీ చెప్పి ఆగిపోయాను. అమ్మమ్మ చేతులు ఆకు తుంచడం ఆపేశాయి.

"దానికి నా నుంచి" అంది.

"అవును అమ్మమ్మా."

"పెద్దదానిక్కూడా."

పెద్దమ్మ మాట అమ్మమ్మ నోట వినడం నా జీవితంలో అదే మొదలు. గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఖాయంగా చెప్పలేమన్నారు. అదే అయ్యుంటదన్నారు."

అమ్మమ్మ ఒళ్లోని ఆకు కాడలు ఏరి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది, "నేను కంచం కొట్టకపోతే ఉండేదా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ నా మొహం చూస్తే ఏ పిల్లైనా పట్టేస్తుంది, అమ్మమ్మ పట్టదా?

"ఆ రోజు ఉండేదేమో. ఇంకో రోజు ట్రాక్టరు హారన్‌కో, ఉరుముకో పోయేదేమో. ఎవరికీ తెలియదే. నీకసలు తెలిసే దారే లేదు. నేను చదువుకున్నదాన్ని. గుండె గురించి పాఠాలు చెప్పేదాన్ని. నువ్వు వద్దన్నా కూడా దీని చెవిలో నేనే అరిచా. ఇది కూడా లేచి నా వంకే చూసింది అమ్మమ్మా. చూసి పడిపోయింది." పెద్ద గొంతు ఉన్న మనిషిని, ఆ నాలుగు మాటలకు గొంతు చాల్లేదు.

అమ్మమ్మ నన్ను తన వైపు లాక్కుంది. ఆకు పసరు అంటిన చేత్తోనే నా తల నిమిరింది. "చూస్తది కదే," అంది, "అట్టాగే చూస్తది." అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది, ఆ ఇంట్లో అన్నీ చప్పుడు లేకుండానే కదా. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అక్కాచెల్లెళ్లం ఒకే మంచంలో పడుకునేవాళ్లమనీ, అక్క తన జడ వేలికి చుట్టుకుని నిద్రపోయేదనీ అమ్మ చెప్తే, అమ్మమ్మ అవునవునంది. ఎన్నేళ్లుగానో ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకున్న మనిషి ఆ సాయంత్రం మా మధ్యకు వచ్చి కూర్చుంది.

అప్పుడు మా అమ్మాయి అమ్మమ్మ మోకాలి మీద చెయ్యి వేసి, "తాతమ్మా, జబ్బూ నువ్వే ఇచ్చావు, మందూ నువ్వే ఇచ్చావు. మాకు డాక్టరు కూడా అదే చెప్పాడు, కాకపోతే లేటుగా చెప్పాడు" అంది. అమ్మమ్మ దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "స్తోత్రం ప్రభువా" అంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మమ్మ చాప మీద పడుకుంది. నాలుగైనా లేవలేదు. ఆమె పగలు అంతసేపు పడుకోవడం మేమెవరం చూడలేదు. ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆమె, అందరినీ లేపేది ఆమె. టీ చల్లారిపోతోందని అమ్మ గుమ్మంలోంచి "అమ్మా" అని పిలవబోయింది. మా అమ్మాయి చేత్తో వద్దని సైగ చేసింది.

వెళ్లి చాప చివర కూర్చుంది. పొలాల్లో నడిచి నడిచి మడమలు పగిలిన ఆ పాదం మీద అరచెయ్యి ఆనించింది. ఊరుకుంది. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. తనకూ ఆ జబ్బుందని తెలియకుండానే యాభై ఏళ్లు అందరినీ కాచుకుంటూ వచ్చిన ఆ మనిషి కాలి మీద అంతవరకు ఎవరూ చెయ్యి వెయ్యలేదని నాకప్పుడే తట్టింది. పావుగంట పట్టిందేమో. అమ్మమ్మ వేళ్లు కదిలాయి. మెల్లగా కళ్లు తెరిచింది, కాళ్ల దగ్గరున్న పిల్లను చూసింది.

"ఎంతసేపైందే కూర్చుని?"

"ఇప్పుడే తాతమ్మా" అంది మా అమ్మాయి. చెయ్యి మాత్రం తియ్యలేదు.